లారీలో వచ్చిన బియ్యం: మన పిల్లల పొలం పాఠానికి ఒక చరిత్ర

   పోస్టు పెద్దగనే ఉంటది, తీరికగా చదవండి.

మేము హన్మకొండలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నం. మాలో లంబాడీలున్నరు, కోయలున్నరు, నాయకపోడు తమ్ముడొకడున్నడు. మా ఇండ్లల్లో కాలేజీ మెట్టెక్కింది మేమే మొదలు. ఆదివారాలు దగ్గర్లోని ఒక హాస్టల్ పిల్లలకు లెక్కలు, ఇంగ్లీషు చెప్పడానికి పోతుంటం. ఒకరోజు లెక్కలయినంక ఆరో తరగతి పిల్లల్ని ఊరికే అడిగినం.

"పొద్దున తిన్నరు గదా, ఆ బియ్యం ఎక్కడినుంచి వచ్చినయిరా?"

"లారీల వచ్చినయన్నా."

"లారీలకు ఎక్కడినుంచి వచ్చినయి?"

"గోదాం నుంచి."

"గోదాంలకు?"

పిల్లలు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. వెనుక నుంచి ఒక చిన్నోడు "సర్కారోళ్ళు చేస్తరన్నా" అన్నడు. అందరం నవ్వినం.

వీళ్ళల్లో టౌను పిల్లలు ఒక్కరు లేరు. అందరూ తండాల నుంచి, గూడేల నుంచి వచ్చినోళ్ళే. అమ్మానాయినలు నాటేసేటోళ్ళు, కోసేటోళ్ళు, పత్తి ఏరేటోళ్ళు. తిరిగి వస్తుంటే మాలో ఒకామె అడిగింది: "వాళ్ళను చూసి నవ్వినం సరే. మీ నాయనమ్మ చిన్నప్పుడు ఏం తిన్నదో, ఆ గింజ పేరేందో ఎవరైనా చెప్పండి చూద్దాం." గటక అన్నడొకడు. ఏ గింజ గటక అంటే మాట రాలేదు. ఆ సెలవుల్లో ఎవరి ఊర్లో వాళ్ళం పెద్దోళ్ళను అడిగినం, వచ్చినంక లైబ్రరీలో కొంత చదివినం. అట్ల దొరికిందే ఇక్కడ రాస్తున్నం.

బడి లేనప్పటి బడి

ఈమధ్య పట్నం బడులు పిల్లల్ని పొలాలకు తీసుకపోతున్నయి. తిండి ఎక్కడినుంచి వస్తదో చూపిస్తరట. రైతు బిడ్డలకు పొలం చూపించుడేంది అని మనకు నవ్వొస్తది. ఒకప్పుడు మనకు ఆ అవసరం నిజంగనే లేకుండె. పిల్లలకు పొలమే బడి.

పోడు చేనులో ఒక్క పంట ఉండేది కాదు. జొన్న, సామలు, కొర్రలు, కంది, అనుములు అన్నీ కలిపి చల్లేవాళ్ళు. ఒకటి పోయినా ఇంకొకటి నిలబడేది. మంచె మీద కూర్చొని పిట్టల్ని కొట్టే పిల్లగానికి ఏ కంకి ముందు పాలు పోసుకుంటదో, ఏ పిట్ట దేనికొస్తదో ఎవరూ విడిగా చెప్పే పని లేదు. ఎండాకాలం ఇప్పపువ్వు, తునికి పండ్లు, మొర్రి పండ్లు. గింజలు అయిపోయిన వానకాలంలో అడవి దుంపలు. ఏ దుంపను ఎన్నిసార్లు నీళ్ళు మార్చి ఉడకబెడితే చేదు పోతదో అవ్వకు తెలుసు, అవ్వ ఎనుక తిరిగే మనవరాలికి తెలుసు.

పండుగలు కూడా పాఠాలే. కోయగూడేల్లో కొత్తల పండుగ చేసి, కొత్త గింజను వేల్పులకు పెట్టినంకనే నోట్లో పెట్టుకుంటరు. పంట పూర్తిగా పండకముందే ఆత్రానికి కోయొద్దన్న పాఠం అందులో ఉన్నది. లంబాడీ తండాల్లో శ్రావణంలో తీజ్ వస్తది. పెండ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పాటలు పాడుకుంట నీళ్ళు పోస్తరు. మొలక పచ్చగ, ఒత్తుగ రావాలె. గింజ, మట్టి, నీళ్ళు, ఓపిక: సైన్స్ పుస్తకంలో మొలకెత్తే పాఠం మనోళ్ళు పండుగ చేసుకున్నరు. ఆషాఢంలో సీత్లా భవాని పండుగకు పశువుల్ని దాటిస్తరు. ఎడ్లు, ఆవులు బాగుంటేనే మన గిన్నె నిండుతదని దాని అర్థం.

అయితే పాతకాలం అంతా బంగారమని మేము రాయం. మేడారం కథే చూడండి. కరువొచ్చి కప్పం కట్టలేకపోతే కాకతీయుల సైన్యం మీదికొచ్చిందని మన పెద్దలు చెప్పే కథ. జంపన్న పడిన సంపెంగ వాగే జంపన్న వాగయింది. పక్కనే పాకాల, రామప్ప, లక్నవరం చెరువులున్నయి. వందల ఏండ్ల నుంచి వరి పండిస్తున్న గొప్ప చెరువులు. ఆ నీళ్ళొచ్చేది అడవి వాగుల్లోనుంచే. కానీ ఆ చెరువుల కింది వరి అడవిలో ఉన్న మనోళ్ళ గిన్నెలోకి ఎంత వచ్చిందో ఏ శాసనంలోనూ మాకు కనిపించలేదు. తిండి ఎక్కడినుంచి వస్తదనే ప్రశ్నకు జోడుగా ఇంకో ప్రశ్న ఉన్నది: పండింది ఎక్కడికి పోతది?

భూమి పోయినప్పుడు పాఠమూ పోయింది

నిజాం కాలంలో అడవిని రిజర్వు చేసుకుంట వచ్చినరు. పోడు నేరమయింది. పశువుల మేతకు పన్ను, కట్టె తెచ్చుకుంటే జరిమానా, దొర దగ్గర వెట్టి. ఆదిలాబాద్ అడవుల్లో కొమురం భీం లేచింది దీనిమీదనే. 1940లో జోడేఘాట్ దగ్గర భీం అమరుడైనంక, గోండుల బాధ ఏందో తెలుసుకొమ్మని నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన మన వరంగల్ వైపు కోయల మధ్య, గోదావరి గట్టున కొండరెడ్ల మధ్య కూడా తిరిగినడు.

ఆయన పనిలో మాకు నచ్చింది ఒకటుంది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ కేంద్రం మొదలైంది. గోండి భాషలో వాచకాలు తయారు చేసినరు. అదే కాలంలో గోండులకు భూమి పట్టాలు ఇప్పించే పని కూడా నడిచింది. ఒక చేతిలో పలక, ఇంకో చేతిలో పట్టా. భూమి లేనోనికి పొలం పాఠం చెప్పుడంటే ఆకలైనోనికి వంట పుస్తకం ఇచ్చుడే. మార్లవాయిలో ఆ రెండింటిని విడదీయలేదు.

ఇదే సమయంలో దేశంలో వేరేచోట్ల కూడా చదువును మట్టితో కలపాలని చూసినరు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1922లో శ్రీనికేతన్ మొదలుపెట్టినడు. 1937లో వార్ధాలో గాంధీ పెట్టిన సభలోనుంచి నయీ తాలీం వచ్చింది: పిల్లలు చేతిపని, వ్యవసాయం చేస్తూ దాంట్లోనుంచే లెక్కలు, భాష, సైన్స్ నేర్చుకోవాలని. దానికి సిలబస్ రాసిన కమిటీకి అధ్యక్షుడు జాకిర్ హుస్సేన్. ఆయన పుట్టింది మన హైదరాబాద్‌లోనే.

ఆలోచన మంచిదే. కానీ నిలబడలేదు. కారణాలు చాలా ఉన్నయి గానీ, మాకు బాగా అర్థమైంది ఒకటే. పెద్దింటి పిల్లలు ఇంగ్లీషు బడికి పోతుంటే పేదోళ్ళ పిల్లలకు మాత్రం రాట్నం, పార. ఇదెక్కడి న్యాయం అని తల్లిదండ్రులు అనుకున్నరు. వాళ్ళు అట్ల అనుకునుడు తప్పని మేము అనలేం. మన అమ్మానాయినలు ఇప్పటికీ అదే అంటరు.

ఆశ్రమం అన్న పేరు

మనం చదివిన ఆశ్రమ పాఠశాలలకు ఆ పేరు ఎట్ల వచ్చిందో ఎప్పుడైనా అనుకున్నరా? 1920లలో గుజరాత్‌లో భిల్లుల మధ్య ఠక్కర్ బాపా నడిపిన ఆశ్రమాల నుంచి వచ్చింది. పిల్లలు అక్కడే ఉండి చదువుకోవాలె, అక్కడే వ్యవసాయం, చేతిపనులు నేర్చుకోవాలె, ఊరికీ బడికీ తెగిపోకుండా ఉండాలె. స్వాతంత్ర్యం వచ్చినంక ప్రభుత్వాలు ఇదే నమూనాను ఆదివాసీ ప్రాంతాలకు తెచ్చినయి.

పేరు మిగిలింది. పొలం పోయింది. చాలాచోట్ల బడి చుట్టూ ఉన్న జాగా కంచె అయింది, లేకపోతే కంపచెట్లు మొలిచినయి. ఇంకొన్ని చోట్ల అంతకంటే చెడ్డది జరిగింది. మాలో ఒకడు చదివిన బడిలో, పేరు వద్దు, స్టడీ అవరుకు లేటయితే గడ్డి పీకించేవాళ్ళు. హోంవర్కు చేయకపోతే చెట్లకు నీళ్ళు. బాగా చదివినోడు కుర్చీలో, చదవనోడు మట్టిలో. ఏడేండ్లు అట్ల చూసినంక వాని మనసులో ఏం పడ్తది? పొలమంటే శిక్ష. పొలంలో ఉన్న మా నాయిన ఏదో తప్పు చేసినోడు. ఇది ఏ పుస్తకంలో లేని పాఠం, కానీ అందరికంటే గట్టిగ మనం నేర్చుకున్న పాఠం.

గిన్నె మారింది, చేను మారింది

ఇంకోపక్క తిండి మారిపోయింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. ఆకలి తెలిసినోళ్ళకు ఆ బియ్యం విలువ తెలుసు, దాన్ని తక్కువ చేసి మేము మాట్లాడం. కానీ జొన్న గటక, తైదంబలి, సామల బువ్వ మెల్లమెల్లగా పక్కకు పోయినయి. జొన్న తింటే పేదోడు, తెల్లబువ్వ తింటే బాగుపడ్డోడు అనే మాట మన ఇండ్లల్లోకి వచ్చింది. 2015 జనవరి నుంచి తెలంగాణ హాస్టళ్ళలో సన్నబియ్యం పెడుతున్నరు. మేము ఆ బువ్వతోనే ఇంత పెద్దగయినం.

చేనులో పత్తి నిండింది, మిర్చి నిండింది. పత్తి తినేది కాదు. 1997-98లో పత్తికి పురుగు పట్టి, కొట్టిన మందులు పనిచేయక, అప్పులు తీర్చలేక మన ఉమ్మడి వరంగల్ జిల్లాలో రైతులు వరుసగా ప్రాణాలు తీసుకున్నరు. ఆ ఏడు జిల్లా పేరు దేశమంతా వినబడింది, ఆ దుఃఖంతోనే. కొందరు తాగింది పురుగులకు కొట్టే మందే. అప్పటి పిల్లలు ఇప్పుడు మన బాబాయిలు, పిన్నులు. పొలం అంటే వాళ్ళకు ఏం గుర్తొస్తదో అడిగితే సగం మంది మాట మారుస్తరు.

అందుకే మన పిల్లలకు పొలం చూపించాలంటే పట్నం పిల్లలకు చూపించినట్టు కుదరదు. వాళ్ళకు అది కొత్త, మనకు అది గాయం.

చూపించినోళ్ళు ఉన్నరు

అయినా మన దగ్గరే చేసి చూపించినోళ్ళు ఉన్నరు. జనగామ జిల్లా లింగాల ఘనపురం మండలంలో ఏనెబావి అనే చిన్న ఊరున్నది. అప్పట్లో మన వరంగల్ జిల్లాలోనే ఉండె. అది గిరిజన తండా కాదు, మామూలు చిన్న రైతుల పల్లె. పురుగుమందుల దెబ్బ తిన్న ఆ ఊరోళ్ళు ఒక్కొక్కటిగా మందులు, రసాయన ఎరువులు మానుకుంట వచ్చి, 2006 నాటికి ఊరు ఊరంతా మానేసినరు. జనగామలోని క్రాప్స్ సంస్థ, హైదరాబాద్‌లోని సుస్థిర వ్యవసాయ కేంద్రం తోడు నిలబడ్డయి. అప్పటినుంచి వేరే ఊర్ల రైతులు, విద్యార్థులు చూడటానికి వస్తనే ఉన్నరు. అక్కడ పాఠం చెప్పేది రైతులే. వేప కషాయం ఎట్ల కాయాలె, పురుగు గుడ్డు ఆకు మీద ఎక్కడ పెడ్తది, అన్నీ వాళ్ళ నోటితోనే.

జహీరాబాద్ దగ్గర డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు పాత విత్తనాల్ని ఇంట్లో దాచి, ఎడ్లబండ్లమీద జాతరగా ఊరూరు తిప్పినరు. మాచ్నూర్‌లో వాళ్ళు నడిపిన పచ్చసాలెలో చదువుతో పాటు వ్యవసాయం, చేతిపనులు నేర్పినరు. ఏటూరునాగారం, ఉట్నూరు, భద్రాచలం ఐటీడీఏల కింద ఇక్రిశాట్‌తో కలిసి నడిచిన గిరిపోషణ పథకంలో అంగన్‌వాడీ పిల్లలకు జొన్న, చిరుధాన్యాల తిండి పెట్టినరు. పాత గింజ మళ్ళీ మన గిన్నెలోకి సర్కారు దారిలోనే వచ్చింది.

ప్రపంచంలో కూడా ఇది చిన్న విషయం కాదు. జపాన్ 2005లో తిండి గురించి నేర్పడానికి ఏకంగా చట్టమే చేసింది. మన 2020 జాతీయ విద్యావిధానం కూడా ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పదిరోజులు సంచి లేకుండా పనిచేసేవాళ్ళ దగ్గర నేర్చుకొమ్మని చెప్పింది. దారి ఉన్నది, నడిచేటోళ్ళు కావాలె.

మేము చేసిన ఒక్క ఆదివారం

పోయిన వానకాలం మేము ఒక ప్రయత్నం చేసినం. వార్డెన్ సార్‌ను ఒప్పించి, ఇరవై రెండు మంది పిల్లల ఇండ్లకు ఫోన్లు చేసినం. చాలామంది సరే అన్నరు. ఒక నాయిన మాత్రం ఇట్ల అన్నడు: "నేను మడిల సచ్చేది నా కొడుకు మడిల పడొద్దని. నువ్వు మళ్ళ ఆడికే తీస్కపోతవా? సదువుకున్నోనివేనా నువ్వు?"

మా దగ్గర జవాబు లేదు. "పని చేయించం బాపూ, సూపిస్తం అంతే" అన్నం. ఆయన సరేననలేదు, వద్దనలేదు, ఫోన్ పెట్టేసిండు.

మాలో ఒకడి మేనత్త చేనుకు పోయినం. వరి చిరుపొట్ట మీద ఉన్నది. అత్త ఒక పిలక తెంపి, గోటితో నిలువుగా చీల్చి, లోపల వేలెడు లేని లేత కంకిని చూపించింది. "ఇది ఇంక బయటికి రాలే. ఇప్పుడు నీళ్ళు తప్పితే తాలు పోతది. తల్లి కడుపుతోటున్నప్పుడు ఆకలి పెట్టొద్దంటరు సూడు, గట్లనే." పిల్లలు పోటీపడి చూసినరు. మాకు కూడా ఆ లేత కంకిని చూసుడు అదే మొదలు, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

తర్వాత గట్టు మీదనే లెక్కలు చేసినం. అత్త చెప్పింది: మంచిగ పండితే ఎకరానికి పాతిక క్వింటాళ్ళ వడ్లు. క్వింటాలు వడ్లు ఆడిస్తే 67 కిలోల దాకా బియ్యం. అంటే ఎకరానికి 1,675 కిలోలు. హాస్టల్‌లో 200 మంది, ఒక్కొక్కరికి రోజుకు 400 గ్రాములనుకుంటే రోజుకు 80 కిలోలు. ఒక ఎకరం వాళ్ళ హాస్టల్‌కు 21 రోజులు కూడా సరిగ్గా రాదు. బడి నడిచే 220 రోజులకు పదిన్నర ఎకరాలు కావాలె. ఈ లెక్క కట్టింది ఏడో తరగతి అమ్మాయి. కట్టినంక మడి వైపు చూసి "మేమే ఇంత తింటమా అన్నా?" అన్నది.

ఆ వడ్లు ఎటుపోతయని అడిగితే అత్త చెప్పింది. ఐకేపీ సెంటరులో అమ్ముతం, ఏ గ్రేడుకు 2025-26 సీజనులో మద్దతు ధర 2,389 రూపాయలు. అక్కడినుంచి మిల్లుకు, మిల్లు నుంచి సివిల్ సప్లయిస్ గోదాంకు, గోదాం నుంచి లారీలో...

"మా హాస్టల్‌కు!" అని చిన్నోడు ఎగిరిండు. సర్కారోళ్ళు బియ్యం చేస్తరన్నది వాడే.

అప్పుడు మాకర్థమైంది. పిల్లలు ముందు చెప్పిన జవాబు తప్పు కాదు, సగం. బియ్యం లారీలోనే వచ్చినయి. ఆ లారీ ఎనుక గోదాం, గోదాం ఎనుక మిల్లు, మిల్లు ఎనుక సెంటరు, సెంటరు ఎనుక వాళ్ళ అమ్మ. మనల్ని ఆపేసింది గోదాం గోడ దగ్గర. ఆ గోడ దాటి ఇంకొంచెం ఎనక్కి నడిపిస్తే చాలు.

ఆ రాత్రి, ఫోన్‌లో మమ్మల్ని కోప్పడ్డ నాయిన కొడుకు మా ఫోన్ అడుక్కున్నడు. ఎప్పుడూ రెండు నిమిషాల మాటలే: తిన్నవా, పైసలున్నయా, మంచిగ సదువు. ఆరోజు వాడు అడిగిండు: "బాపూ, మన మడిల ఏ రకం ఏసినవ్? చిరుపొట్టకొచ్చిందా?" అటుపక్క కాసేపు మాట లేదు. తర్వాత ఆయన మాట్లాడుతనే ఉన్నడు. విత్తనం ఎక్కడ తెచ్చిండో, మోటరు ఎప్పుడు కాలిందో, వానకు ఏ గట్టు తెగిందో. పదకొండు నిమిషాలు. చదువుకున్న కొడుకు తన పని గురించి అడుగుతడని ఆయన అనుకోలేదేమో.

మేము అడిగేది

ఈ చరిత్రంతా చూసినంక మాకు తోచినవి ఇవి.

ఒకటి, పొలానికి తీసుకపోవుడు ఎప్పుడూ శిక్ష కావొద్దు, జీతంలేని పని కావొద్దు. నయీ తాలీం, ఆశ్రమ బడులు దెబ్బతిన్నది అక్కడనే.

రెండు, పాఠం చెప్పేది మన తల్లులు, తాతలు. వాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, సార్లకు చెప్పినట్టే నమస్తే చెప్పాలె. వీలైతే ఆరోజు కూలి కూడా ఇవ్వాలె.

మూడు, గింజతో పాటు భూమి చరిత్ర చెప్పాలె. 1/70 ఏందో, 2006 అటవీ హక్కుల చట్టం ఏందో, 2023లో పోడు పట్టాలు ఎవరికొచ్చినయో ఎవరికి రాలేదో. ఆ చేను మనదెట్లయిందో తెలియకుండా దాంట్లో పండింది ఎక్కడినుంచి వస్తదో తెలిసినట్టు కాదు.

నాలుగు, పేర్లు. ప్రతి గింజకు, ప్రతి దుంపకు కోయలో ఒక పేరున్నది, గోర్‌బోలిలో ఒక పేరున్నది. ఈ సెలవులకు ఇంటికి పోయినోళ్ళు ఒక్క నోటుబుక్కు పట్టుకపోండి. మీ ఊర్లో అందరికంటే పెద్దామె దగ్గర కూర్చొని, ఆమె చిన్నప్పుడు తిన్నవన్నీ పేరు పేరునా రాయించుకోండి. ఆమె చెప్పినట్టే రాయండి, దిద్దకండి.

మేము మొదలుపెట్టినం. ఇప్పటికి మా బుక్కులో ముప్పై నాలుగు పేర్లున్నయి. వాటిల్లో పందొమ్మిది మాలో ఎవరమూ నోట్లో పెట్టుకొని చూడలేదు.